పద్నాలుగేండ్ల బీఎండబ్ల్యూ జెడ్4 కొనాల్నా వద్దా: హనుమకొండ నుంచి రెండుసార్లు పోయి చూసొచ్చిన ముచ్చట

ముందుగాల్నే చెప్తున్న, ఇది కొత్త బండి రివ్యూ కాదు. 2011 మోడల్ బీఎండబ్ల్యూ జెడ్4, ఎస్‌డ్రైవ్ 35ఐ, రెండు సీట్లది, పైకప్పు మడతపడేది, మీటర్ల 52 వేల కిలోమీటర్లు, హైదరాబాద్ల ఒకాయన 23 లక్షల 50 వేలకు అమ్ముతున్నడని తెలిసి రెండు ఆదివారాలు పోయి చూసిన, నడిపిన, లిఫ్ట్ ఎక్కిచ్చి కిందికెళ్ళి చూపిచ్చిన. మన వరంగల్, కరీంనగర్ దిక్కు ఇసొంటి బండ్ల మీద మనసు పడ్డోళ్ళు చానమంది ఉన్నరు గని అడుగుదామంటె తెలిసిన మనిషి దొర్కడు, ఎవర్నడిగినా "వద్దు తమ్మీ పైసలు పెంట" అంటరు లేకుంటె "తీసుకో మామా ఏమైతది" అంటరు, రెండు మాటలూ పనికిరావు. అందుకే నేను తెలుసుకున్నదంత రాస్తున్న.

మా బాపు కాజీపేట స్టేషన్ కాడ అంబాసిడర్ టాక్సీ నడిపెటోడు. నాకు బండ్ల పిచ్చి ఆయన నుంచే వచ్చింది. ప్రింటింగ్ ప్రెస్ పెట్టి పదిహేనేండ్లయింది, ఇల్లు కట్టుకున్న, పిల్లల ఫీజులకు పక్కన పెట్టిన, ఇగ నాకోసం ఒక్కటి కొనుక్కుందామని నాలుగేండ్ల సంది జమ చేస్తున్న. మొత్తం 24 లక్షలున్నయి. ఆ పైసలల్లనే బండి రావాలె, బండి వచ్చినంక దాని రిపేర్లూ రావాలె, అదీ లెక్క.

జెడ్4నే ఎందుకంటె చెప్త. ఈ మోడల్‌ను ఈ89 అంటరు, 2009 నుంచి 2016 దాంక జర్మనీల రెగెన్స్‌బర్గ్ ఫ్యాక్టరీల తయారైంది. బయటి డిజైన్ జూలియానె బ్లాసి, లోపలి డిజైన్ నాద్యా ఆర్నౌట్, ఇద్దరూ ఆడోళ్ళే. ఆ పొడుగు బానెట్, డోర్ మీదికెళ్ళి వెనుక చక్రం దాంక పోయే గీత చూస్తుంటె పద్నాలుగేండ్లయినా పాతబడ్డట్టు అనిపియ్యదు. ఇంజన్ 3 లీటర్ల ఆరు సిలిండర్లది, రెండు టర్బోలు, ఎన్54 అంటరు, 306 హార్స్ పవర్, 400 న్యూటన్ మీటర్ల టార్క్, అది కూడ 1300 ఆర్పీఎం కాడికెళ్ళే దొర్కుతది. 2007లా, 2008లా రెండేండ్లు వరసగ ఇంటర్నేషనల్ ఇంజన్ ఆఫ్ ది ఇయర్ గెల్చిన ఇంజన్ ఇది. సున్నా నుంచి వందకు ఐదు సెకన్ల మీద కొంచెం పడ్తది. ఇయ్యాల ఇంత బండి కొత్తది కొనాల్నంటె నా అసొంటోని వల్ల కాదు, పాతదైతె చెయ్యి అందుతది. కాకపోతె చెయ్యి అందే రేటుకు ఎందుకు వస్తున్నదో అర్థం చేస్కొని కొనాలె.

మొదటి ఆదివారం పొద్దున 8 గంటలకు పోయిన. బండి గేటు బయట మెరుస్తున్నది, టైర్లకు నల్ల పాలిష్ కూడ కొట్టిండ్రు. నేను బానెట్ మీద చెయ్యి పెట్టిన, వెచ్చగున్నది. "ఇప్పుడే కడిగి బయట పెట్టిన" అన్నడాయన. కావచ్చు, అబద్ధమని అంటలేను. కని బాపు ఎప్పుడూ ఒక మాట అనేటోడు, బండి చూడనీకి పోతె ఇంజన్ పండుకున్నప్పుడే పోవాలె, లేపినంక పోతె అది నవ్వు ముఖం పెట్టుకోనే కనబడ్తదని. ఇసొంటి ఇంజన్‌కు ఆ మాట ఇంకా ఎక్కువ వర్తిస్తది, ఎందుకంటె దీంట్ల సగం రోగాలు చల్లటి స్టార్ట్‌లనే బయటపడ్తయి. అందుకే ఆ రోజు కాయిదాలు చూసి, ఒక రౌండ్ నడిపి, "అన్నా, వచ్చే ఆదివారం మా మెకానిక్ అన్నను తోల్కొస్త, మేం వచ్చేదాంక తాళం తిప్పకు" అని చెప్పి వచ్చిన. ఆయన కూడ మంచిగనే సరే అన్నడు.

కాయిదాల సంగతి ముందు చెప్త, ఎందుకంటె ఎక్కువమంది రంగు చూస్తరు గని ఇవి చూడరు. ఆర్‌సీ ఏపీ 09 మీద ఉన్నది, అంటె తెలంగాణ రాకముందు ఖైరతాబాద్ల రిజిస్టర్ అయింది. 2011 బండి కాబట్టి 2026ల 15 ఏండ్లు నిండుతయి, అప్పుడు ఆర్‌సీ రెన్యువల్ చేయించాలె. 2022 ఏప్రిల్ నుంచి కేంద్రం పెట్టిన ఫీజు చూస్తె మామూలు కారుకు 5 వేలు, విదేశం నుంచి దిగుమతి చేసిన కారుకు 40 వేలు. జెడ్4 దిగుమతి బండే. పైన పాత బండ్లకు వేసే గ్రీన్ ట్యాక్స్ వేరే. అమ్మేటాయన ఈ ముచ్చట ఎత్తలే, నేనే ఎత్తిన. ఆర్‌సీల హైపోథికేషన్, అంటె బండి మీద బ్యాంకు లోన్ ఉన్నదని రాసి ఉన్నది, లోన్ ఎప్పుడో తీరింది గని కొట్టేయించలే, అంటె ఆ లోన్ రాత తీసేయించే ఫామ్ 35, బ్యాంకు ఎన్‌ఓసీ ఆయనే తెచ్చియ్యాలె, అది చేతికొచ్చేదాంక బండిని మన పేరు మీదికి మార్చే ఫామ్ 29, 30 మీద సంతకాలు పెట్టిచ్చుకున్నా లాభం లేదు. చలాన్లు ఆన్‌లైన్ల చూసిన, పదకొండు పెండింగ్ ఉన్నయి, అన్ని ఓవర్ స్పీడే. సర్వీస్ బుక్ల 2017 దాంక కంపెనీ ముద్రలు సక్కగున్నయి, ఆ తర్వాత ఒక్క కాయిదం లేదు. "బయట చేయించిన" అన్నడు. బయట చేయిస్తె తప్పేం లేదు, కని బిల్లు ఉండాలె కద. ఎనిమిదేండ్లల ఆయిల్ ఎన్నిసార్లు మార్చిండ్రో చెప్పనీకి ఒక్క చిట్టీ లేదంటె నాకు మనసుల రాయి పడ్డట్టయింది.

రెండో ఆదివారం పొద్దున నాలుగున్నరకే బయల్దేరినం, నేనూ మెకానిక్ అన్నా. ఈ అన్న హైదరాబాద్ల పదేండ్లు జర్మన్ బండ్ల మీద పనిచేసి ములుగు రోడ్డు దిక్కు సొంతంగ షెడ్డు పెట్టుకున్నడు. సంచిల బండి కంప్యూటర్‌ల ఉన్న రోగాల కోడ్లు చదివే స్కానర్, టార్చ్, చిన్న అద్దం, పాత తువ్వాల. ఘన్‌పూర్, జనగామ, ఆలేరు, భువనగిరి, ఏడున్నరకల్ల చేరినం. ఈసారి బానెట్ మంచులెక్క చల్లగున్నది.

స్టార్ట్ చేయంగనే ఆర్పీఎం పైకి లేస్తది, నిమిషం సేపు గట్టిగ మోగి దిగుతది, అది మామూలే, భయపడొద్దు. చూడాల్సింది తాళం తిప్పినంక ఎంతసేపటికి అందుకున్నదని. ఎన్54ల హై ప్రెషర్ ఫ్యూయల్ పంప్ పేరుమోసిన సమస్య, 2010ల అమెరికాల బీఎండబ్ల్యూ దీనికోసమే లక్షా 30 వేల దాంక బండ్లను వెనక్కి పిలిచింది. పంప్ పోయేటప్పుడు స్టార్టర్ చానసేపు తిరిగితె గని అందుకోదు. ఈ బండి టక్కున అందుకున్నది. అన్న తల ఊపిండు.

తర్వాత రేస్ ఇచ్చి వదిలిండు. వదిలినప్పుడు స్టీల్ గిన్నెల చెంచ ఆడినట్టు చప్పుడు. "వేస్ట్‌గేట్ తమ్మీ, అన్ని ఎన్54లు గిట్లనే ఆడ్తయి, చప్పుడుకు భయపడకు, బూస్ట్ తక్కువయితుందా లేదా అదే చూడాలె" అన్నడు. వేస్ట్‌గేట్ అంటె టర్బోకు పోయే పొగను అదుపు చేసే మూత, బూస్ట్ అంటె టర్బో ఇంజన్‌లకు నూకే గాలి ఒత్తిడి. అది తక్కువయితె 30ఎఫ్ఎఫ్ అనే కోడ్ వస్తదట. స్కానర్ పెట్టిండు, ఒక్క కోడ్ లేదు. నాకు సంతోషమైంది, అన్న ముఖం మాత్రం ముడుచుకున్నది. స్క్రీన్ నాకు చూపిచ్చిండు, లోపటి సెల్ఫ్ టెస్టులన్ని "పూర్తి కాలేదు" అని ఉన్నయి. మామూలుగ వాడుతున్న బండైతె ఆ టెస్టులు పూర్తయే ఉంటయి, కోడ్లు చెరిపితెనో, బ్యాటరీ తీసిపెడ్తెనో మల్ల మొదటికొస్తయి. అంటె ఈ మధ్యనే ఎవరో చెరిపినట్టున్నరు. కోడ్ ఉంటె ఏం రోగమో తెల్సేది, రిపేర్ ఖర్చు లెక్క కట్టేది, చెరిపేసరికి ఏమున్నదో కూడ తెల్వకుంటయింది. స్కానర్ల ఏం లేదన్నరని సంబురపడేటోళ్ళు ఈ ఒక్కటి గుర్తు పెట్టుకోండి, కోడ్లు లేకపోవుడు వేరు, చెరిపేసి ఉండుడు వేరు.

ఇగ లిఫ్ట్ మీద. ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ గాస్కెట్ కాడ తడి, అన్న తువ్వాలతోని తుడిస్తె నల్లగ అంటుకున్నది. ఇది చిన్న గాస్కెట్ లీకేజీనే, ఆయిల్ జర తగ్గుతదేమో అనుకున్న నేను. కాదట. ఆ ఆయిల్ కిందికి దిగి బెల్ట్ మీద పడ్తది, బెల్ట్ నాని జారితె దాని పోగులు క్రాంక్ ముందటి సీల్‌లకు గుంజుకపోతయి, అప్పుడు ఇంజన్ విప్పాల్సిందే. వాల్వ్ కవర్ అంచున కూడ అదే తడి. దీని వాటర్ పంప్ కరెంటుది, బెల్ట్ మీద నడిచేది కాదు, పోయేముందు చప్పుడు చెయ్యదు, కారదు, ఒక్కసారే ఆగుతది. మార్చిన దాఖలా లేదు కాబట్టి థర్మోస్టాట్ తోని కలిపి మార్చుడే మంచిది, మే నెల మధ్యాహ్నం జనగామ కాడ రోడ్డు మీద నిలబడే కన్న. ఇంజెక్టర్లు ఆరింటిల రెండు పాతయి, నాలుగు తర్వాత మార్చినయి. వాల్వుల మీద కార్బన్ పేరుకుంటది, డైరెక్ట్ ఇంజెక్షన్ కాబట్టి పెట్రోల్ ఆ వాల్వులను కడగదు, దాన్ని తీయనీకి అక్రోట్ పెంకుల పొడిని గాలితోని కొడ్తరట, నేను మొదటిసారి విన్న.

టైర్లు. పాలిష్ కింద కూడ నాలుగంకెలు కనబడ్తయి, టైరు పక్కన అచ్చు పోసి ఉంటయి. ముందర రెండు 2316, అంటె 2016ల 23వ వారం తయారైనయి. గాట్లు లోతుగనే ఉన్నయి కని రబ్బరు గట్టిపడి సన్నగ పగుళ్ళు. ముందర 225/40, వెనుక 255/35, 18 ఇంచులు, రన్‌ఫ్లాట్లు. స్టెప్నీ లేదు, పెట్టుకునే జాగ కూడ లేదు. ఇది గుర్తుంచుకోవాలె, పరకాల దాటినంక పంక్చరైతె రన్‌ఫ్లాట్ మీద మెల్లగ ఇంటిదాంక రావచ్చు, కని ఆ సైజు టైరు మాత్రం వరంగల్ల అప్పటికప్పుడు దొర్కదు, తెప్పియ్యాలె.

నీళ్ళల్ల మునిగిందా అన్నది తప్పకుండ చూడాలె. 2020 అక్టోబర్ల హైదరాబాద్ల వచ్చిన వరద, 2023 జులైల మన దగ్గర వచ్చిన వరద ఎవరూ మర్చిపోలే, ఆ రెండు వానలల్ల మునిగిన బండ్లు కడిగి, సీట్లు ఎండబెట్టి ఏడనో ఒకతాన అమ్ముడుపోయే ఉంటయి. అన్న సీట్ బెల్ట్ పట్టుకొని చివరిదాంక గుంజిండు, ఇంకా రాదు అనేదాంక. రోజూ గుంజే మూరెడు ఎవరైనా కడుగుతరు, లోపల చుట్టుకొని ఉండే కొస ఎవరూ కడగరు, మట్టి గీత ఉంటె అక్కడనే ఉంటది. కొస తెల్లగున్నది. డిక్కీ మ్యాట్ ఎత్తినం, సీటు కింది పట్టాలు చూసినం, తుప్పు లేదు. ఈ విషయంల బండి నూటికి నూరు పాసైంది, ఆ మాట ఆయనకు కూడ చెప్పిన.

పైకప్పు మూడుసార్లు తెరిచి మూసినం. రెండు ముక్కల అల్యూమినియం కప్పు, ఇరవై సెకన్లల డిక్కీల పోయి పండుకుంటది. తడబాటు లేదు, మోటర్ ఏడ్వలే. రబ్బరు సీళ్ళు మాత్రం ఎండకు గట్టిపడ్డయి, బకెట్ నీళ్ళు పోస్తె డ్రైవర్ దిక్కు అద్దం మీద నుంచి రెండు చుక్కలు లోపలికొచ్చినయి. కప్పు తీస్తె డిక్కీ 310 లీటర్ల కాడికెళ్ళి 180కి తగ్గుతది, చిన్న బ్యాగు, ఒక కొబ్బరికాయల సంచి, అంతే.

ఇగ నడిపిన ముచ్చట. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కినం, కప్పు తెరిచి, డిసెంబర్ పొద్దు. ఈ బండిల మనం దాదాపు వెనుక చక్రాల మీద కూసుంటం, ముందర బానెట్ అంత పొడుగు కనబడ్తది, స్టీరింగ్ తిప్పితె ముక్కు ముందు తిరిగి తర్వాత మనం తిరిగినట్టుంటది. రెండో గేర్ల కాలు పెట్టిన. వీపును ఎవరో అరచేత్తోని మెల్లగ పట్టి గట్టిగ నూకినట్టు, ఆ నూకుడు ఆగదు, ఆరు సిలిండర్ల గొంతు కిందికెళ్ళి పైకి సాఫుగ లేస్తది. ఏడు గేర్ల డ్యుయల్ క్లచ్, ఎప్పుడు మార్చిందో చెవికే తెలుస్తది, ఒంటికి తెల్వదు. అక్కడ 120 లిమిట్, ఆ 120 ఎప్పుడొచ్చిందో తెల్వలే, చూసేసరికి వచ్చి ఉన్నది. ఇన్నేండ్లు ఫోటోలల్ల చూసుకుంట తిరిగినదాని స్టీరింగ్ నా చేతుల ఉంటె కండ్లల్ల నీళ్ళొచ్చినయి, గాలికని అన్నతోని అన్న గని గాలికి కాదు. బాపు ఉంటె పక్క సీట్ల కూసోబెట్టి భద్రకాళి చెర్వు కట్ట దాంక తిప్పుదును.

కని ఔటర్ మీద బండి వేరు, మన ఊర్లె బండి వేరు. మా ఇంటి సందు నుంచి నయీంనగర్ మెయిన్ రోడ్డు ఎక్కేలోపు నాలుగు స్పీడ్ బ్రేకర్లు, రెండు ఎవరింటి ముందట వాళ్ళు పోసుకున్నయి. అంత కిందికున్న ముక్కును వాటి మీదికెళ్ళి అడ్డంగ మెల్లగ దింపాలె ప్రతిసారి. కప్పు తెరిచే రోజులు లెక్కపెట్టుకుంటె నవంబర్ నుంచి ఫిబ్రవరి పొద్దుగాలలే, ఎండకాలంల మన దగ్గర 44, 45 కొడ్తది, అప్పుడు తెరిస్తె తల మాడుతది. లీటర్ పెట్రోల్‌కు ఊర్ల 6, 7 కిలోమీటర్లు, హైవే మీద 10 అనుకోవాలె, 95 ఆక్టేన్ కొట్టియ్యాలె. ఇప్పుడు బంకులల్ల అంత ఇ20, అంటె 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ వస్తున్నది, 2011 బండిని దానికోసం తయారు చెయ్యలే, రబ్బరు పైపులు, ఇంధనం లైన్లు ఏడాదికోసారి చూపిచ్చుకోవాలె. ఇన్సూరెన్స్‌ల థర్డ్ పార్టీ 1500 సీసీ పైన 2022ల పెట్టిన రేటు చూస్తె 7,897 రూపాయలు, పైన జీఎస్టీ, అది పెద్ద భారం కాదు, కని ఇంత పాత బండికి జీరో డెప్, అంటె పాత సామానని కోత పెట్టకుండ పైసలిచ్చే పాలసీ ఇస్తమన్నోళ్ళు నాకు దొర్కలే, అంటె బంపర్ పగిలితె మన జేబుకే. అన్నిటికన్న పెద్దది, కంపెనీ సర్వీస్ కావాల్నంటె హైదరాబాదే, 140 కిలోమీటర్ల పైన, బండి నడవకుంటె ఫ్లాట్‌బెడ్ మీద పోవాలె. మా అన్న షెడ్డు లేకుంటె నేను ఈ ఆలోచనే చెయ్యకపోదును.

మా ఇంటామె ఒక్కటే అడిగింది, "ఇద్దరు పిల్లల్ని ఏడ కూసోబెడ్తరు?" అని. ఒకసారి ఒకన్ని, ఒకసారి ఒకదాన్ని అన్న. మా పాప అప్పుడే వంతులు రాసుకున్నది. ఇంట్ల ఇంకో కారు ఉన్నది కాబట్టి ఈ జవాబు నడిచింది, ఇదొక్కటే బండి పెట్టుకుందాం అనుకునేటోళ్ళకు మాత్రం వద్దే వద్దు.

రాంగ రాంగ భువనగిరి కాడ చాయ్ తాగుకుంట లెక్క రాసినం. టైర్లు నాలుగు లక్షా 5 వేలు. వాటర్ పంప్, థర్మోస్టాట్ 75 వేలు. రెండు గాస్కెట్లు, బెల్ట్ 45 వేలు. ఇంజెక్టర్లు రెండు 80 వేలు. గేర్ బాక్స్ ఆయిల్, ఫిల్టర్ 40 వేలు. ఆర్‌సీ రెన్యువల్ 40 వేలు. మొత్తం 3 లక్షల 85 వేలు, ఇవి అన్న ఫోన్ల అడిగి రాసిన రేట్లు, బయట గ్యారేజీవి, కంపెనీల ఇంకెక్కువ. చెరిపేసిన కోడ్ వెనుక ఏమున్నదో దీంట్ల లేదు. దానికి ఒక లక్ష పక్కన పెట్టుమన్నడు అన్న. అందుకే అమ్మేటాయనకు ఫోన్ చేసి 18 లక్షల 50 వేలు చెప్పిన, ఏది ఎందుకు తగ్గిస్తున్ననో ఒక్కొక్కటి చదివి వినిపిచ్చిన. ఆయన 22 కాడ ఆగిండు. కోడ్లు ఎవరు చెరిపిండ్రు అన్నా అంటె "నాకు తెల్వదు, కడగనీకి ఇచ్చినకాడ చేసి ఉంటరు" అన్నడు. ఆ మాట తర్వాత నేను 19 కూడ చెప్పలేకపోయిన. దండం పెట్టి ఫోన్ పెట్టేసిన.

జెడ్4 35ఐ మోడల్‌కు నేను 5కు 4.5 ఇస్త, ఆ అర మార్కు మన స్పీడ్ బ్రేకర్లకు, స్టెప్నీ లేకపోవుడుకు. నేను చూసిన ఈ బండికి మాత్రం 2, ఒకటి మునగలేదని, ఒకటి పైకప్పుకు. 24 లక్షలు చేతిల ఉన్నోడు 24 లక్షల బండి చూడొద్దు, 19 దాంకనే చూడాలె. లోన్ తీస్కొని కొందామనుకునేటోళ్ళు ఈ జోలికి పోకండి, ఈఎంఐ కట్టుకుంట వాటర్ పంప్ కొనుడు మనసును తింటది. కిలోమీటర్లు ఎక్కువున్నా సరే, బిల్లులు ఉన్న బండి తీస్కోండి.

ఇంకోటి దొర్కింది. 2012ది, 71 వేలు తిరిగింది, రేటు కూడ ఎక్కువే, కని వాటర్ పంప్ 2022ల మార్చిన బిల్లు, గేర్ బాక్స్ ఆయిల్ బిల్లు, ఇంజెక్టర్ల బిల్లులు ఒక్కొక్కటి ఫోటో తీసి నేను అడగకముందే పంపిండు ఆయన. రంగు తెలుపు, నాకు తెలుపు నచ్చదు. వచ్చే ఆదివారం నాలుగున్నరకు రెడీగ ఉండుమని మెకానిక్ అన్నకు చెప్పిన, తాళం తిప్పొద్దని ఆయనకు కూడ చెప్పిన.